సిలాస్ ట్రెంబత్ కంటిబిళ్ళ

కరిండీ రైల్వే షెడ్డులో ఫిట్టరుగా చేసిన సిలాస్ ట్రెంబత్ చేతికి ఇనుపముక్క దొరికితే సాయంత్రానికల్లా అది ఏదో ఒక పనిముట్టయిపోయేది. నోటికి మనిషి దొరికితే మాత్రం ఇంక అంతే సంగతులు. రోజుకొకణ్ణయినా ఏడిపించకపోతే అతనికి తిన్నది అరిగేది కాదు. దక్షిణ ఆస్ట్రేలియాలో గోధుమ చేలకీ ఉప్పు బీళ్ళకీ మధ్య ఇరుక్కున్న ఊరు కరిండీ. ఆ ఊరికి కాలక్షేపాలు రెండే: ఆదివారం చర్చి, శనివారం తుపాకీ క్లబ్బు. చర్చిలో నవ్వకూడదు కాబట్టి సిలాస్ తన వేళాకోళమంతా శనివారానికి దాచుకునేవాడు.

అతని తండ్రి రాగి గనుల్లో పనిచేసినవాడు. ఆయన కాలంలో తుపాకీ మీద గురి అంటే వెనకొక గాటు, ముందొక మేకు. గాటులోంచి మేకుని చూస్తూ, మేకు కొసన దూరాన ఉన్న గురిబల్ల నల్లచుక్కని నిలబెట్టి కాల్చాలి. చూడవలసినవి మూడు, మూడూ మూడు దూరాల్లో. కన్నేమో ఒకసారికి ఒక్కదాన్నే తేటగా పట్టుకుంటుంది. మేకు ఎండకి మెరవకుండా కర్పూరం వెలిగించి మసి పట్టించేవారు. గాటు కనిపించడానికి దాని కింద సన్నటి తెల్లగీత గీసుకునేవారు. గాలి వీస్తే అది గుండుని ఎంత తోస్తుందో మనసులో లెక్కకట్టి, పక్కవాడి బల్ల వైపు గురిపెట్టి తమ బల్లని కొట్టేవారు. ఇన్ని తంటాలు పడ్డా నలభై దాటేసరికి చాలామందికి గాటు అలుక్కుపోయేది, తుపాకీ గోడెక్కేది.

ఏటా నగరం పక్క మైదానంలో రాజుగారి బహుమతికి పోటీ పెడతారు. గెలిచినవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, ఓడినవాళ్ళే భుజాల మీద మోస్తూ, బ్యాండుతో ఊరేగిస్తారు. సిలాస్ తండ్రి ఆ కుర్చీని చాలాసార్లు మోశాడు. ఒక్కసారీ ఎక్కలేదు. "మోసినవాడికి భుజం నొప్పి, ఎక్కినవాడికి పేరు" అని పోయేదాకా అంటూనే ఉన్నాడు. ఆయన కొడుక్కి ఇల్లూ వాకిలీ ఇవ్వలేదు గానీ ఆ మాట మాత్రం ఇచ్చి పోయాడు. దాన్ని సిలాస్ ముల్లులా ఎక్కడో లోపల ఉంచుకుని తిరిగాడు.

పెద్ద యుద్ధం ముగిశాక కొత్త రకం గురి వచ్చింది. వెనక గాటు తీసేసి, కంటికి దగ్గరగా ఒక గుండ్రటి బిళ్ళ పెట్టారు. దాని నడుమ గుండుసూది తలంత రంధ్రం. అందులోంచి చూసేటప్పుడు రంధ్రం సంగతి ఆలోచించనక్కర్లేదు, కన్ను తనంతట తానే నడుమకి చేరుతుంది. ఇక చూడవలసినవి మేకూ నల్లచుక్కా, రెండే. పైగా సన్నటి కన్నంలోంచి చూస్తే మసకబారిన కంటికి కూడా బొమ్మ తేటపడుతుంది. ఈ సంగతి తెలిసి క్లబ్బులో పెద్ద రాద్ధాంతమే జరిగింది. "తాళపు కన్నంలోంచి తొంగిచూసి కాల్చేవాణ్ణి సిపాయి అంటారా, దొంగ అంటారా?" అని పాత సార్జెంటొకాయన బల్ల గుద్దాడు. "మీ కళ్ళు ఇంకో రెండేళ్ళకి మసకేశాక అడుగుతాను, అప్పుడు చెబుదురు గాని" అన్నాడు సిలాస్. సార్జెంటు రెండేళ్ళు ఆగలేదు. మరుసటి ఏడే వచ్చి తనకొకటి చేసిపెట్టమన్నాడు.

ఎందుకంటే అప్పటికే సిలాస్ సొంతంగా చేయడం మొదలుపెట్టాడు. పనికిరాని ఆవిరి మీటరు ఇత్తడితో మొదటి బిళ్ళ చేశాడు. అది కదలదు, మెదలదు. రెండోదానికి ఒక మర పెట్టాడు, తిప్పితే బిళ్ళ పైకీ కిందకీ జరుగుతుంది. మూడోదానికి పక్కకి జరపడానికి ఇంకో మర, దాని తలకి గీతలున్న చక్రం. పక్కవాడి బల్ల వైపు గురిపెట్టే రోజులు పోయాయి. గాలి ఎంత వీస్తే అన్ని గీతలు తిప్పుకుని, నడుమకే గురిపెట్టి కొట్టడమే. ఊళ్ళో దాన్ని సిలాస్ కంటిబిళ్ళ అనేవారు. అడిగినవాళ్ళకల్లా చేసిచ్చాడు. తనది కాక మొదటిది ఇచ్చింది మటుకు బావ ఆర్నో నోస్కేకి.

ఆర్నో సిలాస్ అక్క లావినియా మొగుడు. గోధుమ రైతు, మనిషి ఏనుగంత, మాట చీమంత. యుద్ధ కాలంలో జర్మన్ పేరున్నవాళ్ళ తుపాకులన్నీ ప్రభుత్వం పట్టుకుపోతే, తనది తిరిగొచ్చేదాకా ఏళ్ళ తరబడి నోరెత్తకుండా ఎదురుచూసినవాడు. వచ్చిన రోజున దాన్ని ఒళ్ళో పెట్టుకుని వరండాలో చీకటిపడేదాకా కూర్చున్నాడట. గాలి చదవడంలో ఆ జిల్లాలో ఆయనకి సాటి లేరు. ఆయన ముందు సిలాస్ ఎప్పుడూ రెండోవాడే.

అయితే రెండేళ్ళుగా ఆర్నో గురి గతి తప్పింది. గాలి నిలకడగా ఉన్నంతసేపూ గుండు వెనక గుండు నల్లచుక్కలో పడేది. గాలి దిక్కు మారిందా, మరుక్షణం గుండు అంచు దాటి పక్కకి పోయేది. గాలి ఇటునుంచి అటు తిరిగిన సంగతి ఆయనకి సరిగ్గా కనబడటం లేదని అందరూ అనుకున్నారు. ఆయనా అనుకున్నాడు. ఇదే అదనుగా సిలాస్ రెచ్చిపోయాడు.

"మా బావకి కళ్ళజోడు చాలదర్రా, దారి చూపించడానికి ఓ కుక్క కావాలి!"

క్లబ్బంతా గొల్లుమనేది. ఆర్నో కూడా నవ్వేవాడు. ఆ నవ్వుతోనే ఇంటికెళ్ళి మునిమాపు వేళ లారీ నడపడం మానేశాడు. పేపరు లావినియా చదివి వినిపిస్తోంది. తుపాకీ వదిలేస్తానన్న మాట కూడా ఒకటి రెండుసార్లు ఇంట్లో వచ్చింది. చివరి ప్రయత్నంగా ఈ ఒక్క ఏడూ రాజుగారి బహుమతికి వెళ్ళొద్దామని బావా బామ్మర్దులిద్దరూ గుడారం వేసుకుని మైదానంలో దిగారు.

ఆ ఏడు ఇద్దరికీ దశ తిరిగింది. గాలి బొత్తిగా లేని రోజులు కావడంతో ఆర్నో కూడా ఇరగదీశాడు. ఇద్దరూ ఫైనల్ చేరారు. ఫైనల్ ముందురోజు టీ నీళ్ళు కాగుతుండగా ఆర్నో తన కంటిబిళ్ళని తుపాకీ నుంచి ఊడదీసి సిలాస్ చేతిలో పెట్టాడు.

"కాస్త దుమ్ము దులిపి పెట్టరా బామ్మర్దీ. నువ్వు కన్న బిడ్డేగా."

తుపాకీవాళ్ళలో ఒకడి కంటిబిళ్ళని ఇంకొకడు తాకడు. పక్కింటావిడ వచ్చి మన పోపులపెట్టె సర్దినట్టుంటుంది. అలాంటిది ఆర్నో తనంతట తానే ఇచ్చాడంటే అది నమ్మకం. సిలాస్ గుడ్డతో తుడిచి, అలవాటుగా బొటనవేలితో చక్రాన్ని కుడికి తిప్పి, మళ్ళీ ఎడమకి తిప్పాడు. ఎడమకి తిప్పినప్పుడు చక్రం తిరిగింది, బిళ్ళ మాత్రం కాసేపు కదల్లేదు.

అతను మళ్ళీ తిప్పి చూశాడు. మర అరిగిపోయి వదులైంది. దిక్కు మార్చి తిప్పినప్పుడల్లా మొదటి రెండు మూడు గీతలూ వట్టివే. చక్రం మీద లెక్క సరిపోతుంది, బిళ్ళ మటుకు పూర్తిగా జరగదు. అంత దూరాన గురిబల్ల మీద అది జానెడున్నర తేడా. ఆర్నో గాలిని సరిగ్గానే చదువుతున్నాడు, సరిగ్గానే తిప్పుతున్నాడు. అబద్ధం చెబుతున్నది కంటిబిళ్ళ.

సిలాస్ సొంత మరకీ ఆ జబ్బు ఉంది. ఉందని అతనికి మొదట్నుంచీ తెలుసు. అందుకే దిక్కు మార్చినప్పుడల్లా కావలసిన గీతని దాటించి, మళ్ళీ వెనక్కి తెచ్చి ఆపుతాడు. అలా చేస్తే వదులు ఎప్పుడూ ఒకే పక్కన ఉండి గురి చెడదు. చేతికి అలవాటైపోయి, అదొక కిటుకన్న సంగతే మర్చిపోయాడు. బిళ్ళ ఇచ్చినవాళ్ళలో ఒక్కడికీ చెప్పలేదు. కావాలని దాచలేదు, తట్టలేదు. కానీ ఇప్పుడు తట్టింది. ఇప్పుడేం చేస్తాడన్నదే అసలు సంగతి.

"ఏంటలా బిగుసుకుపోయావ్? పాడైందా?" అన్నాడు ఆర్నో.

"ఏం లేదు బావా. దుమ్ము."

ఆ మాట అతని నోటినుంచి దానంతటదే జారింది. వెనక్కి తీసుకుందామనుకునేలోపు ఆర్నో టీ గ్లాసు అందించాడు. "రేపటితో సరి. కళ్ళు పోయినవాడు తుపాకీ పట్టుకు తిరగడం నాకే బాగోలేదు. వచ్చే ఏడు నుంచి నువ్వు కాలుస్తుంటే గురిబల్ల కింది గుంటలో కూర్చుని నీ గుళ్ళు లెక్కపెడతా" అన్నాడు. ఆ మాట విన్నాకైనా చెప్పాల్సింది. సిలాస్ టీ ఊదుకుంటూ కూర్చున్నాడు. పొద్దున్న చెబుదాం అనుకున్నాడు. రేపు మేమిద్దరం ఒకే బల్ల మీదకి రావాలనేముంది అని కూడా అనుకున్నాడు. ఇలాంటి వాటికి మనసు ఎన్ని సాకులైనా వెతికిపెడుతుంది.

పొద్దున్న టోపీలోంచి చీట్లు తీస్తే ఇద్దరూ ఒకే బల్లకి పడ్డారు.

ఫైనల్లో ఇద్దరిద్దరు చొప్పున ఒకే చాప మీద పక్కపక్కన బోర్లా పడుకుని, ఒకరి తర్వాత ఒకరు కాలుస్తారు. ఒకడి గుళ్ళ లెక్క రెండోవాడే రాసి పైకి చదవాలి. అది తప్ప ఇంకో మాట మాట్లాడకూడదు. పక్కవాడికి సలహా చెప్పినవాడి పేరు అక్కడికక్కడే కొట్టేస్తారు. విన్నవాడికి మాత్రం శిక్ష లేదు, చెవులున్నందుకు ఎవర్నీ శిక్షించలేం కదా అని ఆ సంఘం పెద్దలు ఎప్పుడో తీర్మానించారు. కాల్చే గట్టు దాకా నడిచి వెళ్ళేటప్పుడు మాట్లాడుకోవచ్చు. ఆ గట్టు దూరం. సిలాస్ ఆ నడకంతా తన బూట్లు చూసుకుంటూ నడిచాడు.

"ఏరా, నోరు ఇంట్లో మర్చిపోయొచ్చావా?" అన్నాడు ఆర్నో.

"భయంగా ఉంది బావా."

"నీకా!" ఆర్నో నవ్వి అతని వీపు మీద చరిచాడు. "మీ నాన్న చూస్తుంటాడులే పైనుంచి. నేనైనా నువ్వైనా కుర్చీ మనింటికే. పద."

ఆర్నో ముందు కాల్చాడు. గాలి ఎడమ నుంచి నిలకడగా ఉంది. నల్లచుక్క. "నోస్కే, అయిదు" అని సిలాస్ చదివాడు. సిలాస్ కాల్చాడు, నల్లచుక్క. "ట్రెంబత్, అయిదు" అని ఆర్నో చదివాడు. అలా కొంతసేపు అయిదు వెనక అయిదు పడుతూ పోయాయి. చుట్టుపక్కల చాపల మీద వాళ్ళు ఒక్కొక్కరే వెనకబడ్డారు. నగరం నుంచి వచ్చిన పెద్దమనిషొకడు ముందే కాల్చడం ముగించి, గట్టు వెనక నిలబడి వీళ్ళనే చూస్తున్నాడు. పోటీలో అతనొక్కడే ఇంకా వీళ్ళకి దగ్గర్లో ఉన్నాడు.

సగం గుళ్ళయ్యాక గాలి చూపించే జెండాలు ఒక్కసారి వేలాడిపోయి, లేచి ఎడమకి ఎగిరాయి. గాలి కుడి నుంచి తిరిగింది. ఆర్నో కంటిబిళ్ళ మీద చెయ్యి వేశాడు. సిలాస్ ఆ చెయ్యి ఎన్ని గీతలు తిప్పిందో చూశాడు. అక్షరాలా తిప్పవలసినన్నే తిప్పింది. గుండు మాత్రం ఎడమ అంచు దాటి పడింది.

"నోస్కే, నాలుగు" అన్నాడు సిలాస్.

తన వంతు రాగానే అతని వేళ్ళు వాటంతటవే గీత దాటించి వెనక్కి తెచ్చాయి. అయిదు. ఒక్క పాయింటు ముందుకొచ్చాడు. అతనికి కలిగింది సంతోషమే. దొంగ సంతోషమైనా సంతోషమే, దాన్ని ఇంకో పేరు పెట్టి పిలవడానికి లేదు. పక్కనున్న బావ వెనకబడుతుంటే తనకి కుర్చీ కాళ్ళు కనిపిస్తున్నాయి. భుజాల మీద తను ఊగుతున్నట్టూ, తండ్రి ఎక్కణ్ణుంచో చూస్తున్నట్టూ అనిపించింది. ఆ ముసలాయన నిజంగా చూస్తుంటే ఏమనేవాడో మాత్రం సిలాస్ ఆలోచించలేదు.

ఆర్నో ఇంకో రెండు గీతలు అదే వైపు జరిపి అయిదు కొట్టాడు. ఆ తర్వాతా అయిదే. సిలాస్ తొందరపడి ఒక గుండు జార్చాడు, నాలుగు. ఇద్దరూ మళ్ళీ సమానమయ్యారు. వెనక నిలబడ్డ జనం చుట్టలు కాల్చడం కూడా మానేశారు. చివరి గుండు మిగిలింది. ఆర్నోకి ఒకటి, సిలాస్‌కి ఒకటి. నగరం పెద్దమనిషి మొత్తం, వీళ్ళు చివరిది కూడా అయిదు కొడితే వచ్చేదానికి ఒక్కటి తక్కువలో ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే జెండాలు మళ్ళీ వాలిపోయాయి. దుమ్ము లేచింది. గాలి మళ్ళీ ఎడమ నుంచి మొదలైంది.

ఆర్నో చెయ్యి కంటిబిళ్ళ మీదకి వెళ్ళింది. తిప్పాడు. సిలాస్‌కి ఆ లెక్క తెలుసు. మళ్ళీ దిక్కు మారింది కాబట్టి మళ్ళీ మొదటి గీతలు వట్టివే. గుండు కుడి అంచు దాటి పడుతుంది, నాలుగు వస్తుంది. తర్వాత తను గీత దాటించి వెనక్కి తెచ్చి అయిదు కొడతాడు. అతను చేయవలసిందల్లా నోరు మూసుకోవడం. నోరు మూసుకోమని రూలే చెబుతోంది. ఇంత సులువుగా, ఇంత న్యాయంగా కనిపించే తప్పు అతనికి జీవితంలో ఇంకెప్పుడూ ఎదురుపడలేదు.

ఆర్నో తుపాకీ భుజానికి ఆనించి, మళ్ళీ దించాడు. బొటనవేలితో కుడికన్ను తుడుచుకున్నాడు. కళ్ళజోడు అద్దాన్ని తుడిచినట్టు గట్టిగా, కోపంగా రుద్దాడు. రెప్పలార్పి మళ్ళీ జెండాల వైపు చూసి మళ్ళీ తుడుచుకున్నాడు. ఏనుగంత మనిషి, తన కంటిని తనే బతిమాలుకుంటున్నాడు.

సిలాస్ పెన్సిలు కింద పడేశాడు.

"బావా! నీ కంటి తప్పేం లేదు, మర తప్పు. వదులైపోయింది. గీత దాటించి వెనక్కి తెచ్చి ఆపు!"

గట్టు మీద ఉన్నవాళ్ళంతా ఒక్కసారి ఉలిక్కిపడ్డారు. మైదానం అధికారి కెప్టెన్ మెల్రోజ్ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ట్రెంబత్! మతి పోయిందా మీకు? ఏం మాట్లాడారో తెలుస్తోందా?"

"తెలుస్తోందండీ."

"మీ పేరు కొట్టేయాలి. ఇంకో దారి లేదు."

"కొట్టేయండి."

"లేచి వెనక్కి రండి. నోస్కే, మీకు ఇంకా టైముంది. కాల్చండి."

సిలాస్ మోచేతుల మీద వెనక్కి జరిగి చాప దిగాడు. ఆర్నో కదల్లేదు. చెంప తుపాకీ కర్రకి ఆనించి అలాగే పడుకున్నాడు. బావ కాల్చకుండా లేచిపోతాడేమోనని సిలాస్‌కి భయం వేసింది. పేరూ పోయి, ఫలితమూ లేకపోతే ఎలాగని అనిపించింది. ఆ తర్వాత ఆ లావు వేళ్ళు నెమ్మదిగా చక్రం మీదకి వెళ్ళాయి. దాటించి, వెనక్కి తెచ్చి ఆపాయి. తుపాకీ పేలింది. దూరాన గురిబల్ల కిందకి దిగి, తిరిగి పైకొచ్చింది. దాని మీద గుర్తు నట్టనడుమ ఉంది.

ఆర్నోని కుర్చీలో కూర్చోబెట్టారు. బ్యాండు మోగింది. మోసేవాళ్ళలో సిలాస్ కూడా భుజం పెట్టాడు, వద్దనడానికి ఎవరికీ నోరు రాలేదు. కుర్చీలో ఆర్నో నవ్వలేదు, చెయ్యి ఊపలేదు. దించగానే తిన్నగా సిలాస్ దగ్గరికి వచ్చాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"నిన్న సాయంత్రం. నువ్వు నా చేతికిచ్చినప్పుడు."

"నిన్న సాయంత్రం." ఆర్నో ఆ మాటని నమిలినట్టు పలికాడు. "మరి చివరి గుండు దాకా ఎందుకాగావు?"

సిలాస్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. రూలు ఉంది, భయం ఉంది, సాకులు బోలెడున్నాయి. అవేవీ నోటికి రాలేదు.

"గెలుద్దామని" అన్నాడు.

ఆర్నో తల పంకించాడు. జవాబు విన్నానన్నట్టే తప్ప ఒప్పుకున్నట్టు కాదు. ఇద్దరూ ఒకే రైల్లో కరిండీకి తిరిగొచ్చారు, వేరే వేరే పెట్టెల్లో.

ఆ చలికాలమంతా రెండిళ్ళ మధ్యా రాకపోకల్లేవు. లావినియా ఒకసారి షెడ్డుకి వచ్చి తమ్ముణ్ణి దులిపేసింది. "ఆయన కోపమొస్తే అరవడు, అదే నీ అదృష్టం. రెండేళ్ళు పేపరు చదివిపెట్టాన్రా నేను. ఇప్పుడు అక్షరం అక్షరం తనే చదువుకుంటున్నాడు. నాకు ఏడవాలో నవ్వాలో తెలీట్లేదు" అంది. ఏడిపించడానికి అతనికి ఆ ఏడాది ఒక్క మనిషీ దొరకలేదు. వెతకనూ లేదు.

మధ్యాహ్నాలు తిండి మానేసి లేత్ మిషను దగ్గర గడిపాడు. మరని మొదట్నుంచి మళ్ళీ కోశాడు. ఎంత బిగువుగా కోసినా, ఏడాది గోధుమ దుమ్ము తింటే వదులవుతుందని అతనికి తెలుసు. అందుకని బిళ్ళ వెనక ఒక పాత గడియారం స్ప్రింగు ముక్క పెట్టాడు. అది బిళ్ళని ఎప్పుడూ ఒకే పక్కకి తోసి పట్టుకుంటుంది. మర ఎంత అరిగినా వదులు ఇంక గురిని చెడగొట్టలేదు, ఎటు తిప్పినా తిప్పినంతే కదులుతుంది. ఇంత చిన్న ముక్క. మొదటి బిళ్ళ నాడే తట్టి ఉండవలసింది. తన చేతికి కిటుకు తెలుసు కాబట్టి, కిటుకు తెలియనివాడి అవస్థ అతని బుర్రకి ఎక్కలేదు.

గోధుమ వెన్ను తీశాక ఒక మధ్యాహ్నం ఆ కొత్త కంటిబిళ్ళ జేబులో వేసుకుని నోస్కే వాళ్ళింటికి వెళ్ళాడు. ఆర్నో వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. లావినియా రెండు కప్పులు పెట్టి బయటికి వెళ్ళింది. సిలాస్ బిళ్ళని బల్ల మీద పెట్టాడు.

ఆర్నో దాన్ని తీసుకుని చక్రం కుడికి తిప్పాడు. ఎడమకి తిప్పాడు. భూతద్దం తెచ్చి, గీత గీతకీ ఆగి చూశాడు. మళ్ళీ కుడికి, మళ్ళీ ఎడమకి. టీ చల్లారిపోయింది.

"బాగుంది" అన్నాడు చివరికి. "దీంట్లో దోషం లేదు."

"నీకోసమే చేశా బావా."

"సరే. పాతవి ఎంతమందికిచ్చావు?"

సిలాస్ లెక్క వేసుకున్నాడు. "నువ్వు కాక ఏడుగురికి."

"వాళ్ళకి చెప్పావా?"

సిలాస్ చల్లారిన కప్పుని తన వైపు లాక్కున్నాడు.

"కుర్చీ సంగతి నేను ఎప్పుడో వదిలేశాను" అన్నాడు ఆర్నో. "నువ్వు గెలవాలనుకున్నావ్, నేనూ అనుకున్నా. అది మనిషన్నవాడికి ఉంటుంది. కానీ నా కళ్ళు పోయాయని రెండేళ్ళు రోజూ పొద్దున్న లేవగానే నా చెయ్యి నేను చూసుకునేవాణ్ణిరా, ఇవాళ ఇంకెంత మసకబారిందోనని. ఆ ఏడుగురిలో ఒకడైన అంకుల్ పెన్‌హేల్ తుపాకీ ఎందుకు వదిలేశాడనుకుంటున్నావ్?"

సిలాస్ టోపీ తీసుకుని లేచాడు.

పెన్‌హేల్ ఆయన ఊరి చివర, ఉప్పు బీడుకి ఎదురుగా ఉంటాడు. కళ్ళు కనబడటం లేదని గత ఏడే క్లబ్బు వదిలేశాడు. వీడ్కోలు రోజున సిలాస్ లేచి ఆయన కళ్ళ మీద ఏవో జోకులు కూడా వేశాడు. ఇప్పుడు అవేమిటో గుర్తు తెచ్చుకోకుండా ఉండటానికి ప్రయత్నిస్తూ నడిచాడు. గేటు దగ్గర ఆగాడు. గేటుకీ వరండాకీ మధ్య పొడుగాటి బార్లీ మడి ఉంది. అవతల వరండాలో వాలుకుర్చీలో ముసలాయన కూర్చుని ఉన్నాడు. లావు అద్దాల కళ్ళజోడు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

సిలాస్ గడియ తీయకుండా టోపీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఎవరూ, సిలాసేనా?" అని అక్కణ్ణుంచే కేకేశాడు పెన్‌హేల్. "గేటు దగ్గరే నిలబడ్డావేంట్రా? లోపలికి రా. అవునూ, ఆ కోటుకి రెండో గుండీ ఊడిపోయింది, మీ ఆవిడ చూడలేదా?"

సిలాస్ కోటు తడుముకున్నాడు. రెండో గుండీ నిజంగానే లేదు.